యంత్రవిద్యా తపస్వి - జి.డి. నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893లో కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక తెలుగు రైతు కుటుంబంలో జన్మించారు. బడిచదువు ఆయన మనస్సును ఆకట్టుకోలేదు. ఒక ఆంగ్ల అధికారి నడిపిన మోటారు సైకిలు మాత్రం ఆ యువకుణ్ణి ముగ్ధుణ్ణి చేసింది. దానిని సొంతం చేసుకొనేందుకు ఆయన భోజనశాలలో వడ్డన పనిచేసి పైకం కూడబెట్టారు. కొన్న పిమ్మట దాని భాగాలన్నింటినీ విడదీసి, తిరిగి అమర్చి యంత్ర రహస్యాన్ని గ్రహించారు.

1920లో ఒక బస్సు కొని, పొళ్లాచ్చి, పళని పట్టణాల మధ్య స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే క్రమంగా పెద్ద రవాణా సంస్థగా ఎదిగింది.

వాహన గమనానికి మూలమైన సూత్రం ఒకటున్నది. ఇంజను సామర్థ్యం బలం, వేగాల లబ్ధం. సామర్థ్యం మారనప్పుడు ఒకటి పెరిగితే మరొకటి తగ్గక తప్పదు. చిన్న గేరులో చక్రాన్ని తిప్పే బలం, అనగా టార్క్ అధికమవుతుంది; వేగం తగ్గుతుంది. నిర్మల్ నుండి ఆదిలాబాద్ వెళ్లే బస్సు మహబూబ్ ఘాట్‌ను మెల్లగా ఎక్కడం ఇందువల్లనే. సమతల మార్గంలో అంత బలం అవసరం లేదు గనుక, పెద్ద గేరులో అదే బస్సు వేగం పుంజుకొంటుంది.

1937లో నాయుడు, బాలసుందరం నాయుడుతో కలసి, దేశంలో మొదటిదిగా పేరొందిన విద్యుత్ మోటారును రూపొందించారు. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయ స్థాపనకు తోడ్పడ్డారు. తాను పట్టా పొందకపోయినా, ఇతరులకు ఆ విద్య అందాలని తపించిన ఆయన 1974లో కన్నుమూశారు. చేతితో చేసి నేర్చిన విద్య ఎంతటి ఫలాన్నిస్తుందో చెప్పడానికి ఆయన జీవితమే నిదర్శనం.