అర్చ్యశిష్ట అంబ్రోసు - జ్ఞానస్నానం అందని చక్రవర్తి

మన బోధన్ వైపు పల్లెల్లో పాస్కా పండుగ చెరకు కాలం చివర్లో వచ్చేది. 1937లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా, నిజాంసాగర్ కాలువల కింద బ్రతికిన కుటుంబాలకు తపస్సుకాలమూ చెరకు నరుకుడూ కలిసే నడిచేవి. మా పెద్దనాయన ఆ చెరకు బండ్లు తోలినవాడే. రెండేండ్లు ఉపదేశం విన్నాడు. జపాలన్నీ నోటికి వచ్చు. మొదటి ఏడు పాస్కాకు జ్ఞానస్నానం ఇస్తామంటే, బండ్లు వదిలి రాలేక వచ్చే ఏటికి పెట్టుకున్నాడు. ఆ వచ్చే ఏడు తపస్సుకాలంలోనే జ్వరం తగిలి మూడు రోజుల్లో పోయాడు. ఆపదలో ఎవరైనా నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వవచ్చునని ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

ఎక్కడ పాతిపెట్టాలన్న మాట పెద్దల్లో వచ్చింది. గురువులు మన సమాధుల తోటలోనే పెట్టించారు. కాని మా పెద్దమ్మ, తాను బ్రతికినన్ని దినాలూ, ఆయన మోక్షానికి పోయినాడా లేదా అని కనబడిన ప్రతి ఉపదేశినీ అడిగేది. ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా చెప్పేవారు. ఆమె ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే నాకు దొరికినవారు అర్చ్యశిష్ట అంబ్రోసు వారు.

అంబ్రోసు క్రీ.శ. 340 ప్రాంతంలో ట్రియర్ పట్టణంలో పుట్టారు. అది నేటి జర్మనీలో ఉంది. తండ్రి రోము సామ్రాజ్యంలో పెద్ద అధికారి. ఆయన చనిపోయాక తల్లి పిల్లలతో రోము చేరింది. అక్క మర్సెల్లీనా కన్యావ్రతం పట్టింది. సతీరుస్ అనే అన్న కూడా ఉన్నాడు. భక్తిగల ఇల్లే అయినా మగపిల్లలిద్దరికీ చిన్నతనంలో జ్ఞానస్నానం ఇవ్వలేదు. జ్ఞానస్నానం తరువాత చేసిన పాపానికి ప్రాయశ్చిత్తం బహు కఠినం కనుక, వయసు ముదిరాక తీసుకోవచ్చునని ఆ కాలంలో చాలామంది ఆపుకునేవారు. మన చెరకు బండ్ల వాయిదాకూ ఆ వాయిదాకూ కారణాలు వేరు, ఫలితం ఒక్కటే.

అంబ్రోసు న్యాయశాస్త్రం చదివి మిలాను ప్రాంతానికి గవర్నరు అయ్యారు. 374లో అక్కడి పీఠాధిపతి ఔక్సెంతియుస్ చనిపోయాడు. ఆయన క్రీస్తు దైవత్వాన్ని తక్కువ చేసే ఆరియను పక్షంవాడు. కొత్తవారి ఎన్నికకు రెండు పక్షాలూ గుడిలో కూడి గొడవకు దిగితే, శాంతి నిలపడానికి గవర్నరు స్వయంగా వెళ్ళారు. అక్కడ ఒక పసివాడు అంబ్రోసే పీఠాధిపతి అని కేక వేశాడనీ, జనమంతా ఆ మాటే అందుకున్నారనీ ఆయన చరిత్ర వ్రాసిన పౌలీనుస్ చెబుతాడు. అంబ్రోసు పారిపోజూశారు, దాక్కున్నారు. ఆయనకు అప్పటికి జ్ఞానస్నానమే లేదు! చివరకు చక్రవర్తి ఒప్పుకోలుతో జ్ఞానస్నానం పొంది, వారం దాటగానే 374 డిసెంబరు 7న పీఠాధిపతిగా అభిషిక్తులయ్యారు. నేటికీ ఆ దినమే ఆయన పండుగ.

ఆస్తిని బీదలకూ శ్రీసభకూ ఇచ్చివేశారు. శత్రువుల చేత చిక్కిన బందీలను విడిపించడానికి గుడి వెండి బంగారు పాత్రలను కరిగించారు. దానికి నిందపడ్డా వెనుదీయలేదు. థెస్సలొనీక పట్టణంలో జనాన్ని ఊచకోత కోయించిన థియొదొసియుస్ చక్రవర్తి చేత 390లో బహిరంగ ప్రాయశ్చిత్తం చేయించారు. 387 పాస్కా రాత్రి అగుస్తీను వారికి జ్ఞానస్నానం ఇచ్చింది కూడా ఈయనే. ఇవి మనం పండుగ ప్రసంగాల్లో విన్నవే కనుక ఇంతటితో వదులుతాను.

ఎక్కువగా వినని సంగతి అన్న సతీరుస్‌ది. ఆయన ప్రయాణిస్తున్న ఓడ పగిలిపోయింది. ఇంకా ఉపదేశార్థిగానే ఉన్న సతీరుస్, ఓడలోని విశ్వాసులను అడిగి దివ్యసత్ప్రసాదాన్ని గుడ్డలో కట్టించుకుని, దాన్ని మెడకు చుట్టుకుని సముద్రంలో దూకాడు. గట్టెక్కాక మొదట వెదికింది జ్ఞానస్నానాన్నే. అయితే అక్కడి పీఠాధిపతి రోము సభతో ఐక్యంగా ఉన్నాడా అని విచారించి, లేడని తెలిసి, ఐక్యత ఉన్న చోటికి వెళ్ళి పొందాడు. అంత తొందరలోనూ అంత జాగ్రత్త! కొంతకాలానికే ఆయన చనిపోతే అంబ్రోసు కన్నీళ్ళతో అంత్యప్రసంగం చేశారు.

ఇక అసలు సంగతి. రెండవ వాలెంతీనియను నాలుగేండ్ల పసివాడుగా చక్రవర్తి అయ్యాడు. తల్లి జుస్తీనా ఆరియను పక్షం. 385, 386 సంవత్సరాల్లో ఆమె తన పక్షానికి ఒక గుడి ఇమ్మని సైనికులను పంపితే, అంబ్రోసు జనంతో గుడిలోనే ఉండి కీర్తనలు పాడిస్తూ నిలబడ్డారు. తల్లి చనిపోయాక ఆ కుర్రవాడు అంబ్రోసుకు దగ్గరై ఆయనను తండ్రిలా చూచుకున్నాడు. నేటి ఫ్రాన్సులోని వియెన్ పట్టణంలో, అర్బొగాస్తుస్ అనే సేనాని గుప్పిట్లో ఉంటూ, తనకు జ్ఞానస్నానం ఇవ్వడానికి రమ్మని అంబ్రోసుకు కబురు పెట్టాడు. అంబ్రోసు బయలుదేరారు. దారిలోనే వార్త అందింది. 392 మే 15న చక్రవర్తి ఉరికి వ్రేలాడుతూ కనబడ్డాడు. హత్యో ఆత్మహత్యో చరిత్రకారులు నేటికీ తేల్చలేదు. వయసు ఇరవై దాటీ దాటలేదు.

దేహం మిలాను చేరింది. ఇద్దరు చెల్లెళ్ళు రెండు నెలలు దాని దగ్గరే ఏడ్చారు. అన్న పోయిన దుఃఖానికి తోడు, జ్ఞానస్నానం లేకుండా పోయాడన్న దుఃఖం. అంత్యక్రియల్లో అంబ్రోసు వారి వైపు తిరిగి ఓదార్చారు. ఆ యువకుడు కోరాడు, అడిగాడు, అడిగినవాడికి దేవుడు దాన్ని ఇచ్చే ఉంటాడు అన్న భావం చెప్పారు. జ్ఞానస్నానం లేకుండానే హతసాక్షులైనవారిని వారి రక్తం కడిగితే, ఇతణ్ణి ఇతని భక్తీ కోరికా కడిగాయని అన్నారు.

ఇదే అంబ్రోసు తన ఉపదేశ గ్రంథంలో, ఉపదేశార్థి క్రీస్తు సిలువను నమ్మినా జ్ఞానస్నానం పొందనిదే పాపక్షమాపణ లేదని వ్రాశారు. శవం ఎదుట మనసు మెత్తబడి మాట మార్చారా? నాకలా తోచదు. చేతికందే జ్ఞానస్నానాన్ని ప్రక్కన పెట్టేవాడితో ఒక మాట, చేయి చాచి అందక పోయినవాడి గురించి ఒక మాట. అయితే ఈ విషయంలో అందరూ ఆయనతో ఏకీభవించలేదు. నజియాంజు గ్రెగోరీ వారు 381లో కొన్‌స్తాంతినోపులులో చేసిన ప్రసంగంలో, కోరిక జ్ఞానస్నానంతో సమానం కాదన్నారు. అది రాతిగుండె అనుకోరాదు. ఆయన ఎదుట కూర్చున్నవారిలో ఎందరో రేపు మాపు అంటూ వాయిదా వేసుకునేవారు. ఆ మాట చదివినప్పుడు మా పెద్దనాయన మొదటి ఏటి వాయిదా నాకు గుర్తుకు వచ్చి మనసు చివుక్కుమంది.

శ్రీసభ చివరకు అంబ్రోసు దారినే నడిచింది. 12వ శతాబ్దంలో బెర్నార్దు వారు ఆయన మాటనే ఆధారం చేసుకున్నారు. 1547లో త్రెంతు మహాసభ, జ్ఞానస్నానం గాని దాని కోరిక గాని లేనిదే నీతిమంతులు కావడం లేదని చెప్పి, కోరికకూ చోటిచ్చింది. అమెరికాలోని బోస్టనులో లియొనార్దు ఫీనీ అనే జెస్విటు గురువు శ్రీసభ వెలుపల రక్షణ లేదన్న మాటను అతి కఠినంగా బోధిస్తే, 1949 ఆగస్టు 8న రోము అక్కడి అగ్రపీఠాధిపతికి లేఖ పంపి ఆ అర్థాన్ని త్రోసిపుచ్చింది. పిలిచినా రోముకు వెళ్ళనందున 1953లో ఫీనీ వెలివేయబడ్డారు, 1972లో తిరిగి కలుపుకోబడ్డారు.

మన తెలుగునాట ఈ వాదం వేరొక రూపంలో వచ్చింది. కోస్తా ఆంధ్రలో కలగర సుబ్బారావు గారు 1942లో తమకు క్రీస్తు దర్శనమైందని చెప్పి, 1981లో కన్నుమూసేదాకా క్రీస్తును గురుదేవుడిగా పాడారు. జ్ఞానస్నానం మాత్రం అక్కరలేదన్నారు. ఆయన భక్తిని శంకించను. కాని వాలెంతీనియను కోరినది అందక పోయాడు, ఈయన అందేదాన్ని వద్దన్నారు. రెండూ ఒకటి కావు.

మా పెద్దమ్మకు నేను చెప్పలేకపోయిన మాట ఇంకొకటి ఉంది. 1983 శ్రీసభ చట్టం 1183వ సూత్రం ప్రకారం, అంత్యక్రియల విషయంలో ఉపదేశార్థులను విశ్వాసులతో సమానంగా ఎంచాలి. అది వెలువడేసరికి ఆమె లేదు.

అంబ్రోసు వారు 397 ఏప్రిల్ 4న, పవిత్ర శనివారం నాడు, సిలువ ఆకారంలో చేతులు చాచి చాలా గంటలు ప్రార్థించి ప్రాణం విడిచారు. దేహాన్ని పెద్ద గుడికి తీసుకుపోయారు. ఆ పాస్కా రాత్రే కొత్తగా జ్ఞానస్నానం పొందిన పిల్లలు తొట్టి దగ్గరనుండి వస్తూ ఆయనను చూశామన్నారట. జ్ఞానస్నానం పొందేవారి కోసం ఆయన ఒక్కరూ చేసిన పనిని తరువాత అయిదుగురు పీఠాధిపతులు కలిసి కూడా కష్టం మీదనే చేయగలిగారని పౌలీనుస్ వ్రాశాడు.