రిలే నిర్మాత జోసెఫ్ హెన్రీ

అమీర్‌పేట, పంజగుట్ట శిక్షణాలయాలలో మైక్రోకంట్రోలర్ అభ్యసించే విద్యార్థి దూరం నుండి దీపం వెలిగించినపుడు 'టక్' మనే చిన్న శబ్దం వింటాడు. అది రిలే చప్పుడు. స్వల్ప విద్యుత్తుతో తీగచుట్ట అయస్కాంతమై, మీటను లాగి, 230 వోల్టుల వలయాన్ని కలుపుతుంది.

ఈ ఉపాయాన్ని 1835 ప్రాంతంలో ప్రిన్స్‌టన్‌లో ప్రయోగించి చూపినవాడు జోసెఫ్ హెన్రీ. 1797లో అమెరికాలోని ఆల్బనీలో నిరుపేద ఇంట జన్మించి, బాల్యంలో గడియారాల పనివాని వద్ద శిష్యరికం చేశాడు. 1831లో మైలుకు పైగా పొడవైన తీగ గుండా గంట మ్రోగించాడు.

పేటెంటు మాత్రం కోరలేదు. టెలిగ్రాఫు కీర్తి మోర్సుకు దక్కింది. ధనం పోయినందుకు చింతించని ఆ ఉదారుడు, 1855లో మోర్సు తన సహాయాన్నే కాదన్నపుడు మిన్నకుండలేదు. విచారణ కోరాడు. 1857లో స్మిత్సోనియన్ పాలకవర్గం ఆయన పక్షమే సత్యమని తేల్చింది. ఆ సంస్థకు ఆయనే కార్యదర్శి అన్నది వేరే సంగతి. 1878లో మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు. 1893లో ప్రేరకత్వ ప్రమాణానికి హెన్రీ అని పేరు పెట్టారు.