నందలాల్ బోస్: చిత్రకళకు బతుకుతెరువు

ఏటా జనవరి 26 సమీపించేసరికి రాజధానిలో నందలాల్ బోస్ పేరు ఒకసారి వినిపిస్తుంది. రాజ్యాంగ మూలప్రతి పుటలను అలంకరించిన చిత్రకారుడుగా ఆయనను స్మరించి, వేడుక ముగియగానే మరచిపోవడం పరిపాటి. అయితే ఆ పని ఆయన ఒక్కడే చేసింది కాదు. శాంతినికేతన్ కళాభవన్ శిష్యులను వెంటబెట్టుకొని చేశాడు. ప్రవేశిక పుటను చిత్రించిన బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హా అప్పటికి ఇంకా యువకుడు. దేశానికి సంబంధించిన ఇంతటి బాధ్యతను కుర్రవాళ్ల చేతిలో పెట్టడం నందలాల్‌కు కొత్త కాదు. ఆయన జీవితంలో సగం ఆ ప్రయత్నంతోనే గడిచింది.

1882 డిసెంబరు 3న బీహారులోని ఖరగ్‌పూర్‌లో ఆయన జన్మించాడు. తండ్రి దర్భంగా సంస్థానోద్యోగి. తల్లి బొమ్మలు చేయడంలో నేర్పరి. ఇంటివారి కోరికపై కళాశాల చదువులో చేరినా అది అబ్బలేదు. 1905లో కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలకు వెళ్లి అవనీంద్రనాథ్ ఠాకూర్‌కు శిష్యుడయ్యాడు. ప్రాచ్యకళా సమాజం ప్రదర్శనలో ఆయన శివసతుల చిత్రానికి 500 రూపాయల బహుమతి లభించగా, ఆ సొమ్ముతో దేశయాత్ర చేశాడు. తరువాత అజంతాలో, 1921లో బాగ్ గుహలలో కుడ్యచిత్రాలకు నకళ్లు తీశాడు. అదే గురువు వద్ద నేర్చిన ప్రమోదకుమార్ ఛటర్జీ మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో అడివి బాపిరాజు వంటివారికి విద్య గరపిన విషయం తెలుగు పాఠకులకు తెలిసినదే.

1919లో రవీంద్రుడు నెలకొల్పిన కళాభవన్‌కు 1922లో అధ్యక్షుడై, 1951 వరకు నందలాల్ ఆ పదవిలో ఉన్నాడు. అక్కడ ఆయనకు ఎదురైన ప్రశ్న నేటి పాఠశాలలకూ ఎదురవుతున్నదే. నాలుగైదేళ్లు చిత్రలేఖనం నేర్చిన పిల్లవాడు బయటికి వెళ్లి ఏమి చేయాలి? పాఠశాలలో డ్రాయింగు మాస్టరు ఉద్యోగం, లేకుంటే ఎవరైనా జమీందారు దయ. మూడో దారి అరుదు. చిత్రం కొనే శక్తి ఉన్నవారు కొద్దిమంది. చీర, చెప్పు, కుండ, పుస్తకం కొనేవారు మాత్రం దేశమంతటా ఉన్నారు. నందలాల్ లెక్క అక్కడ మొదలైంది.

పక్కనే శ్రీనికేతన్ ఉండడం కలిసివచ్చింది. 1922లో ఎల్మ్‌హర్స్ట్ సారథ్యంలో అక్కడ గ్రామ పునర్నిర్మాణ కృషి ఆరంభమైంది. మగ్గం, తోలుపని, బాతిక్, కుమ్మరిపని, వడ్రంగం అన్నిటికీ కొత్త నమూనాలు అవసరమయ్యాయి. వాటిని సమకూర్చే పనిలో కళాభవన్‌వారు చేయి కలిపారు. శ్రీనికేతన్ గోడపై నందలాల్ చిత్రించిన హలకర్షణోత్సవం, ఊరివారి పండుగను ఊరివారి ఎదుటే నిలిపింది. 1930 ప్రాంతంలో కారుసంఘం ఏర్పడింది. చదువు ముగించిన శిష్యులు విడివిడిగా పోక, పుస్తకాల బొమ్మలు, కుడ్యచిత్రాలు, అలంకరణ, చేతిపనులు వంటి వాటిని కలిసి ఒప్పుకొని, కలిసి చేసి, సొంతకాళ్లపై నిలవాలని సంకల్పం. సంఘం తలపెట్టినంత ఎత్తుకు ఎదగలేదన్నది నిజం. పని ఇచ్చేవాడు నగరంలో ఉండగా చేసేవాడు బోల్పూర్ పొలాల మధ్య ఉంటే బేరం సాగడం కష్టం. ఆదర్శం ముందు నడిచింది, బజారు వెనకబడింది. ఆ లోటును నందలాల్ మెచ్చేవారు సైతం కప్పిపుచ్చనక్కరలేదు.

కాగా, బజారు ఇవ్వని పనిని జాతీయోద్యమం ఇచ్చింది. 1936లో లక్నో కాంగ్రెసు ప్రదర్శనకు గాంధీజీ ఆయనను పిలిపించాడు. అదే ఏడాది డిసెంబరులో ఫైజ్‌పూర్ గ్రామంలో జరిగిన మహాసభకు వెదురు, గడ్డి వంటి స్థానిక వస్తువులతోనే మండపాలు లేచాయి. 1938 ఫిబ్రవరిలో హరిపురలో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షత వహించిన సభకు నందలాల్ స్వయంగా ఎనభైకి పైగా చిత్రాలు వేశాడు. దూదేకులవాడు, చెప్పులు కుట్టేవాడు, డోలు వాయించేవాడు, రోట్లో దంచే స్త్రీ అందులో కనిపిస్తారు. శిష్యులు వాటికి నకళ్లు తీయగా మొత్తం నాలుగు వందల వరకు ప్రాంగణమంతా వేలాడాయి. గ్రామీణ వృత్తులవారు తమ రూపాన్ని తామే తలయెత్తి చూసుకున్నారు. ఢిల్లీ జైపూర్ హౌస్‌లోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఆ ఫలకాలు కొన్నిటిని చూడగలం. మట్టిరంగులు, వేగంగా సాగిన కుంచె. అందులో తొందర ఉంది, నిర్లక్ష్యం లేదు.

బరోడా మహారాజు కట్టించిన కీర్తిమందిరం గోడలపై 1939 నుంచి కొన్ని దఫాలుగా చిత్రాలు వేయడానికి కూడా ఆయన శిష్యబృందంతోనే వెళ్లాడు. పరంజాపై గురువు పక్కన నిలబడి నేర్చినది తరగతి గదిలో దొరకదు. అంతకుముందే కళాభవన్‌లోని నల్లయింటిని విద్యార్థులే మట్టితో, తారుతో, ఉబ్బెత్తు శిల్పాలతో తీర్చారు. రామ్‌కింకర్, వినోద్ బిహారీ ముఖర్జీ ఆ వాతావరణంలో పెరిగినవారే. 1940లో చేరిన సత్యజిత్ రాయ్ చదువు పూర్తి చేయకుండానే వెళ్లి 1943లో కలకత్తా ప్రకటనల సంస్థలో ఉద్యోగం సంపాదించాడు. మన కొండపల్లి శేషగిరిరావు సైతం శాంతినికేతన్‌లో శిక్షణ పొందివచ్చి హైదరాబాదులో తరతరాల శిష్యులను తయారు చేశాడు.

ప్రభుత్వం 1954లో ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది. 1966 ఏప్రిల్ 16న నందలాల్ మరణించాడు. 1973 నుంచి ఆయన జన్మదినానికి ముందు, డిసెంబరు 1, 2 తేదీలలో కళాభవన్‌లో నందన్ మేళా జరగడం ఆనవాయితీ అయింది. విద్యార్థులు, అధ్యాపకులు తాము చేసిన పింగాణీ, అచ్చుబొమ్మలు, క్యాలెండర్లు, నగలు అంగళ్లు పెట్టి అమ్ముతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయనిధికి చేరుతుంది.