జగన్నాథ పండితరాయలు

ముఖము చంద్రునివలె నున్నదనిన ఉపమ; ముఖచంద్రుడనిన రూపకము; ముఖమును జూచి చంద్రుడేమో యని ఊహించిన ఉత్ప్రేక్ష; ఇది ముఖము గాదు, చంద్రుడే యనిన అపహ్నుతి. తరగతిలో మనము వల్లించు ఈ భేదములు పరీక్ష ముగియగనే మరపునకు వచ్చుచుండును. వీనికొరకై పూర్వపండితులతో కలహించిన తెలుగువాడొకడు గలడు. ఆతడే జగన్నాథ పండితరాయలు.

ఈతడు 17వ శతాబ్దివాడు. గోదావరీపాయల నడుమ కోనసీమయందలి ముంగండ ఈతని వంశమువారి యూరు. తల్లి లక్ష్మి. తండ్రి పేరుభట్టు ఒక్కొక్క శాస్త్రమును ఒక్కొక్క గురువుకడ నభ్యసించిన ఘనుడు. కుమారుడు చాలవరకు తండ్రియొద్దనే చదివి, ఢిల్లీకేగి, 1628 మొదలు 1658 వరకు రాజ్యమేలిన షాజహాను ప్రాపు సంపాదించెను. పండితరాజ బిరుదము ఆ పాదుషా యొసగినదే. పారసీకము రాజభాషగానున్న కొలువున నొక యాంధ్రుడు సంస్కృతకవితచే మన్ననలందుట సామాన్యము గాదు. లవంగి యను యవనకన్యను వరించెననియు, గంగ మెట్లెక్కి వచ్చి యాతని గలుపుకొనెననియు చెప్పుదురు. ఇవి జనశ్రుతులే గాని చరిత్రము గావు. గంగాలహరి మాత్రము ఆతని రచనయే.

ఆతని కీర్తికి మూలము రసగంగాధరము. అలంకారికులు పరకవుల పద్యములను ఎరవు తెచ్చి లక్షణములకు లక్ష్యములు చూపుట వాడుక. పండితరాయలందుల కొప్పుకొనక, ఉదాహరణములను తానే రచించెదనని గ్రంథారంభమున ప్రకటించి, అట్లే రచించెను. ఇతరుల పద్యములు వచ్చుట తరచుగా తప్పు పట్టుటకే! ఈ ప్రతిన ఎంత కష్టమైనదో తెలియవలెనన్న, చదువరులారా, ఉత్ప్రేక్షకు సొంతముగ నొక పద్యము వ్రాసి చూడుడు. తెలియకయే ఉపమలో పడుదుము. సంస్కృతమున ‘ఇవ’ యను మాట రెండింటను వచ్చును. పోలిక యున్నదని చెప్పుట ఒకటి, అదియే యిదియేమో యని సంభావించుట వేరొకటి. ఇట్టి వెండ్రుకవాసి భేదములయందే ఈతని బుద్ధి రాణించెను. మమ్మటుడు కావ్యములను మూడు తరగతులు చేయగా ఈతడు నాలుగు చేసెను. కవిత్వమునకు ప్రతిభయొక్కటియే హేతువనెను.

16వ శతాబ్దివాడైన అప్పయ్యదీక్షితుల చిత్రమీమాంసను ఖండించుటకు వేరొక గ్రంథమే వ్రాసెను. తర్కము సూక్ష్మమే, మాట మాత్రము కఠినము. దీక్షితుల కువలయానందమును పట్టి అలంకారములు నేర్చినవారెందరో కలరు. ముందుతరపు పెద్దను అంతగా పరిహసింపకుండిన బాగుండెడిదని నాకు తోచును.

శివుని ముఖములవలె రసగంగాధరము ఐదు ఆననములుగ సంకల్పితమందురు. దొరకినవి రెండే. తరువాత నాగేశభట్టు దానికి వ్యాఖ్య రచించెను. రెండవ యాననము ఉత్తరమను అలంకారమును చర్చించుచుండగనే తెగిపోయినది. ఉత్తరమనగా జవాబు. ఆ జవాబు నడుమనే గ్రంథము నిలిచిపోయినది.