ఆకలి తెలిసిన అమ్మ.. పండిత రమాబాయి

ఇంటికొచ్చిన చుట్టానికి అన్నం పెట్టడం మనకి కొత్త కాదు. భోంచేసి వెళ్లమని గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని ఆపే అలవాటు విదేశాలకు వచ్చాక కూడా మనవాళ్లను వదల్లేదు. అయితే తెలిసినవాళ్లకి పెట్టడం వేరు, ఎవరూ గడప తొక్కనివ్వని వాళ్లని పిలిచి పెట్టడం వేరు. ఆ రెండో పనినే తన క్రైస్తవ విశ్వాసంగా చేసుకుని బతికిన మహిళ పండిత రమాబాయి.

పుట్టిల్లే ఓ సత్రం

రమాబాయి 1858 ఏప్రిల్ 23న ఇప్పటి కర్ణాటకలో, పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవిలో పుట్టారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. ఆడవాళ్లకి సంస్కృతమా అని తోటి పండితులు కోప్పడినా వినకుండా భార్య లక్ష్మీబాయికి చదువు చెప్పారు. ఆయన ఇంటికి శిష్యులు, యాత్రికులు వెతుక్కుంటూ వచ్చేవారు. వచ్చినవాళ్లందరికీ పెట్టీ పెట్టీ ఉన్న ఆస్తి కరిగిపోయింది, అప్పులు మిగిలాయి. రమాబాయికి ఆరు నెలలు వచ్చేసరికి ఆ కుటుంబం ఇల్లు వదిలి తీర్థయాత్రలకి బయల్దేరింది. పసిపిల్లను బుట్టలో పెట్టి మోసుకెళ్లారు.

పురాణం చెప్పుకుంటూ ఊరూరా తిరిగిన ఆ కుటుంబాన్ని 1870ల్లో మద్రాసు రాజధానిలో కరువు చుట్టుముట్టింది. చేతిలో డబ్బు అయిపోయింది. తిరుపతి కొండ చుట్టుపక్కల అడవిలో పదకొండు రోజులు నీళ్లు, ఆకులు, గుప్పెడు ఈతపళ్లతో ప్రాణం నిలుపుకున్నారు. పదిమందికి పెట్టిన చేతులకి పట్టెడన్నం పెట్టేవాళ్లు లేకపోయారు. 1874లో తండ్రి, కొద్ది నెలలకే తల్లి, ఆ తర్వాత అక్క పోయారు. రమాబాయి, అన్న శ్రీనివాస్ మిగిలారు.

పండిత అయ్యారు.. ఒంటరయ్యారు

1878లో అన్నాచెల్లెళ్లు కలకత్తా చేరారు. రమాబాయి సంస్కృత పాండిత్యానికి ఆశ్చర్యపోయిన అక్కడి విద్వాంసులు పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. 1880లో అన్న చనిపోయాడు. కులం మాట పక్కనపెట్టి బెంగాలీ లాయరు బిపిన్ బిహారీ మేధావిని పెళ్లాడితే, 1882లో కలరా ఆయన్నీ తీసుకుపోయింది. చేతిలో ఏడాది నిండని కూతురు మనోరమ.

మరుసటి ఏడాది ఇంగ్లండు వెళ్లి వాంటేజిలో క్రైస్తవ సన్యాసినుల దగ్గర ఉన్నారు. వాళ్లు లండన్‌లోని ఫుల్‌హామ్‌లో నడిపే ఆశ్రమాన్ని చూడ్డమే ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. చెడిపోయారని సమాజం వెలివేసిన స్త్రీలని ఆ సిస్టర్లు ఇంటి మనుషుల్లా చూసుకుంటున్నారు. ఇదెలా సాధ్యమని అడిగితే, బావి దగ్గర సమరయ స్త్రీని ఏసు మంచినీళ్లు అడిగిన కథ చదివి వినిపించారు. వెలివేసినవాళ్ల చేతి నీళ్లు అడిగే దేవుడు ఆమెను కదిలించాడు. 1883 సెప్టెంబరు 29న బాప్తిస్మం తీసుకున్నారు. మతం మారినా మాంసం మాత్రం ముట్టలేదు.

అమెరికా ఆదరణ

1886లో, తన బంధువు ఆనందీబాయి జోషి డాక్టరు పట్టా అందుకుంటుంటే చూడ్డానికి ఫిలడెల్ఫియా వెళ్లి, రెండేళ్లకు పైగా అమెరికాలో ఉండిపోయారు. ఊరూరా తిరిగి బాల వితంతువుల కష్టాలు చెప్పారు. 1887లో బోస్టన్‌లో ఏర్పడిన రమాబాయి అసోసియేషన్, పదేళ్లపాటు ఖర్చు భరిస్తామని ముందుకొచ్చింది. ఆ డబ్బుతో 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరిచారు. మరుసటి ఏడాది అది పుణెకు మారింది.

అక్కడ హిందూ బాలికలు తమ ఆచారం ప్రకారం వండుకుని తినే ఏర్పాటుండేది. రమాబాయి ప్రార్థన చేసుకునే గది తలుపు మాత్రం తెరిచే ఉంచేవారు. ఇష్టమున్న పిల్లలు వచ్చి కూర్చునేవారు. 1893లో దీనిపైనే పెద్ద దుమారం రేగింది. మతం మారుస్తున్నారంటూ చాలామంది పిల్లల్ని తీసుకెళ్లిపోయారు, హిందూ సలహాదారులు రాజీనామా చేశారు. ఆమె తలుపు మూయలేదు. విమర్శలూ ఆగలేదు.

కేడ్‌గావ్‌లో ముక్తి

1896లో మధ్య పరగణాల్లో కరువొచ్చింది. ఒకప్పటి తన ఆకలి గుర్తొచ్చి రమాబాయి స్వయంగా బయల్దేరారు. ఎముకల గూళ్లలా ఉన్న దాదాపు 300 మంది ఆడపిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. పుణెలో ప్లేగు ఆంక్షలుండటంతో కేడ్‌గావ్‌లో కొన్న పొలంలో పాకలు వేయించారు. అదే ముక్తి సదన్. 1900 నాటి గుజరాత్ కరువు తర్వాత అక్కడున్నవాళ్ల సంఖ్య రెండు వేలకు చేరువైంది. అంతమందికీ రెండుపూటలా తిండి పెట్టాలంటే మాటలా? బావులు తవ్వించారు, కూరగాయలు పండించారు. నేత, గానుగ, అచ్చుపని నేర్పించారు. మోసపోయిన స్త్రీలకి కృపా సదన్ కట్టారు. అంధులకి మనోరమ బ్రెయిలీ నేర్పింది. ఆశ్రమంలో ఉన్నవాళ్లు ఊరికే తిని కూర్చున్న అతిథులు కారు, ఆ ఇంటిని నడిపినవాళ్లు.

చివరి ఏళ్లలో రమాబాయి హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలును మరాఠీలోకి అనువదించారు. ముక్తి ప్రెస్సులో దానికి అక్షరాలు పేర్చింది ఆ పిల్లలే. 1921లో మనోరమ కన్నుమూసింది. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కూడా వెళ్లిపోయారు. కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్ నేటికీ నడుస్తోంది.

పరాయి దేశంలో తనని ఆదరించిన బోస్టన్ వాళ్ల రుణం ఆమె వాళ్లకే తిరిగి తీర్చలేదు. ఆకలితో ఉన్న మరొకరికి తీర్చారు. కొత్త దేశంలో దిగిన రోజున ఎవరో ఒకరి ఇంట్లో అన్నం తిన్న మనందరికీ ఈ లెక్క తెలిసిందే.