చేపల బండిలో వచ్చిన యిల్లాలు

ధ్యానభాగము: లూకా 10:38–42, మత్తయి 6:25–34

ప్రతి సంవత్సరము అక్టోబరు 31వ తేదీ సమీపించగానే మన గుళ్లలో మార్టిన్ లూథరుగారిని గూర్చి ప్రసంగములు వినుచుందుము. 1517లో ఆయన తొంబదియైదు వాదాంశములను ప్రకటించుట, చక్రవర్తి యెదుట వెనుదీయక నిలుచుట, బైబిలును తన ప్రజల భాషలోనికి తెచ్చుట, ఇవన్నియు వినదగినవే. అయితే తల్లినైన నాకు ఆ ప్రసంగముల నడుమ వేరొక సందేహము పుట్టుచుండును. అంత పని చేసిన మనుష్యునికి వేళకు భోజనము పెట్టినదెవరు? ఆయన పడక దులిపినదెవరు? వచ్చిపోవువారికి రొట్టెల లెక్క చూచినదెవరు? ప్రసంగీకులు చాలవరకు పురుషులగుటచేత ఈ సంగతి వారికి తోచదు కాబోలు. కనుక ఈ మాసము ఆ యిల్లాలి కథ చెప్పుకొందము.

ఆమె పేరు కాతరీనా ఫాన్ బోరా. మనము కాతరీనమ్మ యని పిలిచికొందము. జర్మనీలోని సాక్సనీ ప్రాంతమున, పేరుండియు డబ్బులేని యొక గొప్ప వంశములో 1499 జనవరి 29న ఆమె జన్మించెను. పసితనముననే ఆమెను మఠపు బడిలో విడిచిరి. పదేండ్ల ప్రాయమున నింబ్షెన్ అను చోటనున్న కన్యాస్త్రీల మఠమునకు మార్చిరి. 1515లో, పదియారేండ్లప్పుడు, ఆమె అక్కడనే కన్యాస్త్రీగా ప్రమాణము చేసెను. ఆడపిల్ల యిష్టమేమని అడుగు ఆచారము ఆ దినములలో అరుదు.

కొన్ని యేండ్లకు లూథరుగారి వ్రాతలు మఠపు గోడలు దాటి లోనికి వచ్చెను. రక్షణ మన క్రియలవలన కాదు, విశ్వాసమువలననే యను మాట ఆ స్త్రీల హృదయములలో నాటుకొనెను. కొందరు బయటికి పోగోరి, సహాయము చేయుమని లూథరుగారికి కబురంపిరి. టోర్గౌ పట్టణపు వర్తకుడు లియోనార్డ్ కొప్పె ఆ మఠమునకు హెర్రింగు చేపలు మొదలగు సరుకులు తెచ్చుచుండెడివాడు. 1523లో ఈస్టరు పండుగ వేళ ఒక రాత్రి ఆయన బండిలో పండ్రెండుగురు కన్యాస్త్రీలు తప్పించుకొని వచ్చిరి. వారు చేపల పీపాలలోనే దూరి వచ్చిరని కొందరు, పీపాల నడుమ దాగి వచ్చిరని కొందరు చెప్పుదురు. ఏదైనను వాసన ఒక్కటే!

వారిలో తొమ్మండుగురు విట్టెన్‌బర్గు పట్టణమున లూథరుగారి గుమ్మము ముందు దిగిరి. పెండ్లికాని ఆడపిల్లలు తొమ్మండుగురు ఒక్కసారి వచ్చినయెడల ఏ తండ్రికైనను గుండె ఝల్లుమనును. ఈయన తండ్రియైన కాదు, బ్రహ్మచారియైన సన్యాసి. అయినను పెండ్లి పేరయ్య వలె తిరిగి ఒక్కొక్కరికి ఒక యిల్లు చూపించెను. కాతరీనమ్మ మాత్రము మిగిలిపోయెను. నూరెంబర్గు యువకుడొకడు ఆమెను చేసికొనవలెనని తలంచెను గాని అతని పెద్దలు ఒప్పుకొనలేదు. తరువాత గ్లాట్స్ అను నొక పెద్ద పాదిరిగారిని లూథరుగారు సూచించిరి. కాతరీనమ్మ ఆమ్స్‌డార్ఫ్ అను బోధకుని ద్వారా జవాబు పంపెను. గ్లాట్స్‌గారిని చేసికొననని, ఆమ్స్‌డార్ఫ్‌గారు గాని లూథరుగారు గాని అడిగినచో కాదననని ఆ జవాబు. దిక్కులేని ఆడపిల్ల అట్లు నోరు విప్పుటకు ఎంత ధైర్యము కావలెనో ఆలోచించుడి. 1525 జూన్ 13న వారి వివాహము జరిగెను. ఆయనకు నలుబదియొక యేండ్లు, ఆమెకు ఇరువదియారు.

కాపురమునకు వచ్చిన యిల్లు ఎట్టిదనుకొంటిరి? సన్యాసులు ఖాళీచేసి పోయిన పెద్ద మఠము. పెండ్లికి ముందు ఒక సంవత్సరము పాటు తన గడ్డి పరుపును ఎవరును సర్దలేదని, చెమటకు అది కుళ్లిపోయెనని, తాను పగలెల్ల అలసి ఏమియు తెలియక దానిమీదనే పడి నిద్రించెడివాడనని లూథరుగారే తరువాత చెప్పిరి. లోకమంతయు సంస్కరించుటకు బయలుదేరినవారికి తమ పరుపు కనబడకపోవుట మన యిండ్లలోను చూచుచున్నాము గదా!

క్రొత్తలో ఇద్దరికిని వింతగానే యుండెను. నిద్రలేవగానే తలగడమీద రెండు జడలు కనబడుట తనకు ఆశ్చర్యమని ఆయన చెప్పుకొనెను. ఆయన చదువుకొనుచుండగా ఆమె ప్రక్కను కూర్చుండి నూలు వడకుచు, ఏదో ఒకటి మాటాడవలెను గదా యని, ప్రష్యాలోని మఠవీరుల నాయకుడు ఫలాని ప్రభువునకు తమ్ముడా యని అడిగెనట. ఆ యిద్దరును ఒక్క మనుష్యుడే! పేరు పెట్టి పిలువని మన అమ్మమ్మల వలెనే ఆమెయు భర్తను డాక్టరుగారనియే పిలిచెను. ఆయన మాత్రము ఆమెను నవ్వులకు ప్రభువుగారని పిలిచెను. కేటె యను ఆమె ముద్దుపేరు వారి భాషలో గొలుసు అను మాటవలె ధ్వనించును గనుక ఆ చమత్కారమును కూడ విడువలేదు.

ప్రభువుగారను పిలుపు ఊరక రాలేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి ఆమె ఆ పెద్ద మఠమును నడిపించెను. తన పిల్లలు, తల్లిదండ్రులు లేని బంధువుల పిల్లలు, మేనత్త లేనమ్మ, అద్దెకుండు విద్యార్థులు, ఆశ్రయము కోరివచ్చిన పరదేశులు, ఇందరికి ఆ బల్లయొద్ద చోటుండెను. ఆవులు, పందులు, కోళ్లు, చేపల చెరువు, తోటలు, అన్నియు ఆమె చేతిమీదనే నడిచెను. బీరు కూడ ఆమెయే కాచెను. మన సంఘపు పెద్దలు కనుబొమలు ముడువవద్దు. ఆ దేశమున ఆ కాలమందు అది యింటింట దినసరి పానీయము. 1527లో తెగులు వచ్చినప్పుడు లూథరుగారు ఊరు విడువలేదు. ఆ యిల్లు ఆసుపత్రి యాయెను. కాతరీనమ్మ అప్పుడు గర్భవతి.

డబ్బు విషయము చెప్పనక్కరలేదు. లూథరుగారు తన పుస్తకములకు ముద్రాపకులయొద్ద కాసైనను పుచ్చుకొనలేదు. చేతికి వచ్చినది అడిగినవారికి ఇచ్చివేయుట ఆయన అలవాటు. ఒకసారి స్నేహితునికి కానుకగా ఒక పాత్ర పంపుచున్నానని ఉత్తరము వ్రాసి, క్రింద మరల, కేటె దానిని దాచివేసెనని చేర్చవలసివచ్చెను. ఈ కథ చదివినప్పుడెల్ల నేను కాతరీనమ్మ పక్షముననే యుందును. దానము గొప్పదే గాని రేపు ఉదయము బల్లమీద గిన్నెలును ఉండవలెను గదా!

వారికి ఆరుగురు బిడ్డలు కలిగిరి: హాన్సు, ఎలిసబెతు, మగ్దలేన, మార్టిను, పౌలు, మార్గరేతు. పెండ్లికి మూడేండ్లకు ముందే, 1522లో, లూథరుగారు ఒక పుస్తకములో పసిబిడ్డ గుడ్డలుతుకు తండ్రిని గూర్చి వ్రాసిరి. లోకము వానిని చూచి నవ్వినను, అతడు విశ్వాసముతో ఆ పని చేసినయెడల దేవుడును దూతలును సంతోషింతురట. బ్రహ్మచారిగా నుండగా ఇట్లు వ్రాయుట సులభము! అయినను ఆ మాటలో బంగారమున్నది. ప్రార్థన గది మాత్రమే పరిశుద్ధమని మఠము నేర్పెను. ఊయల ప్రక్కను పరిశుద్ధస్థలమేయని ఆయన కనుగొనెను. దాని నిజమును ఆరుమార్లు పరీక్షించి చూచినది కాతరీనమ్మ.

1530లో లూథరుగారు నెలల తరబడి కోబర్గు కోటలో నుండగా ఆమె ఏడాది బిడ్డయైన మగ్దలేన చిత్రపటమును పంపెను. ఆ పటము నల్లగా నుండుటచేత మొదట ఆయన గుర్తుపట్టలేదు. తరువాత దానిని భోజనపు గదిలో గోడకు తగిలించి చూచుకొనుచుండెను.

మరియొక సంగతి నాకు మిక్కిలి ప్రియము. 1535లో ఆయన, ఈస్టరులోగా బైబిలంతయు చదివి ముగించినయెడల ఏబది గిల్డర్లు ఇత్తునని భార్యతో పందెము వేసెను. ఆమె పట్టుదలతో చదువ మొదలుపెట్టెను. మనలో కొందరు డబ్బుకు వాక్యము చదువుటా యని ముక్కుమీద వ్రేలు వేసికొందురేమో. కాని చూడుడి, ప్రభువు మార్తతో మాటలాడినప్పుడు వంట తప్పని చెప్పలేదు; అనేకమైన పనులను గూర్చిన తొందరను మాత్రమే గద్దించెను. మార్తను మరియ ప్రక్కను కూర్చుండబెట్టుటకు ఆ భర్తకు ఏబది గిల్డర్లు ఎక్కువని తోచలేదు. పిండి చేతులు కడుగుకొని బైబిలు తెరచునట్టి తల్లికి ఆ పది నిమిషములు ఎంత కష్టముమీద దొరకునో ఆమెకు తెలియును, ప్రభువునకును తెలియును.

నవ్వుల యింటికి దుఃఖము రాకపోలేదు. ఎలిసబెతు ఎనిమిది నెలల పసికందుగా నుండగా 1528లో చనిపోయెను. పదుమూడేండ్ల మగ్దలేన 1542 సెప్టెంబరులో తండ్రి చేతులలో ప్రాణము విడిచెను. టోర్గౌలో చదువుకొనుచున్న అన్న హాన్సును అక్కనుండి పిలిపించిరి. తల్లి అదే గదిలోనే యుండెను గాని దుఃఖము పట్టలేక మంచమునకు కొంత దూరముగా నుండెను. విశ్వాసము తక్కువై కాదు. తల్లులకు ఇది వివరింపనక్కరలేదు.

1546 చలికాలమున లూథరుగారు జబ్బుగా నుండియు, ఒక తగవు తీర్చుటకు తాను పుట్టిన ఐస్లేబెన్ పట్టణమునకు వెళ్లిరి. ఇంటియొద్ద కాతరీనమ్మకు నిద్రలేదు. ఆయన వేళాకోళముగా ఉత్తరములు వ్రాసిరి. నీవు చింతించుట మొదలుపెట్టినది మొదలు ఇచ్చట బసకు నిప్పంటబోయెను, తలమీద రాయి పడబోయెను, కనుక నీ చింత మానుకొనుము, నాకంటె నీకంటె బాగుగా చూచుకొనువాడొకడున్నాడు, పోయి చిన్న ప్రశ్నోత్తరి చదువుకొనుము, అను భావముతో వ్రాసిరి. ఆ ఉత్తరములు వచ్చిన కొలది దినములకే, ఫిబ్రవరి 18న, ఆయన అచ్చటనే కన్నుమూసెను. ఆమె ప్రక్కను లేదు.

ఇచ్చట నేను ప్రతిసారి ఆగిపోదును. ఆమె చింత నిజమాయెను గదా? మరి చూచుకొనువాడు ఏమి చూచుకొనెను? తేలిక జవాబు చెప్పుట నాకు చేతకాదు. కాతరీనమ్మకును తేలికగా లేదు. తినలేకపోతిని, త్రాగలేకపోతిని, నిద్రపోలేకపోతిని అని ఆమె ఒక ఉత్తరములో బంధువురాలితో చెప్పుకొనెను. భర్త తన మరణశాసనములో ఆమెనే వారసురాలిగా వ్రాసినను ఆ దేశపు చట్టము ఒప్పుకొనలేదు. బిడ్డలను తనయొద్ద ఉంచుకొనుటకు ఆమె పోరాడవలసివచ్చెను. వెంటనే యుద్ధము వచ్చెను. బిడ్డలతో రెండుమార్లు ఊరు విడిచి పారిపోయెను. 1547లో తిరిగి వచ్చునప్పటికి పొలములు పాడైయుండెను. అప్పుడు కాతరీనమ్మ ఏమి చేసెను? మరల అద్దెకు విద్యార్థులను పెట్టుకొని, మరల పొయ్యి రాజబెట్టెను.

నా మట్టుకు నాకు ఆమె కథలో దొరికిన జవాబు ఇదే. రేపటిని గూర్చి చింతింపవద్దని ప్రభువు చెప్పినది, రేపు ఏ కీడును రాదని కాదు. ఏనాటి కీడు ఆనాటికి చాలునని చెప్పుటలోనే కీడు వచ్చునని ఆయన ఒప్పుకొనుచున్నాడు. అయితే వచ్చిన దినమున లేచి నిలుచుటకు బలమిచ్చును. చింత ఒకసారి విడిచిన మరల రాదని నేననను. అది మా యింటి పిల్లివంటిది, ముందు తలుపున తోలిన వెనుక తలుపున వచ్చును. వచ్చినప్పుడెల్ల ప్రభువునకు అప్పగించి, బియ్యము కడుగుటకు పోవుటయే తల్లుల విశ్వాసము.

1552లో విట్టెన్‌బర్గునకు మరల తెగులు వచ్చెను. కాతరీనమ్మ బిడ్డలతో బండియెక్కి టోర్గౌకు బయలుదేరెను. త్రోవలో గుఱ్ఱములు బెదరి పరుగెత్తగా ఆమె చల్లని నీటి గుంటలో పడి గాయపడెను. మూడు నెలలు మంచముపట్టి, డిసెంబరు 20న టోర్గౌలో ప్రభువునందు నిద్రించెను. ఆమెకు ఏబదిమూడేండ్లు. అక్కడి మరియమ్మగారి గుడిలో ఆమె సమాధి రాయి నేటికిని ఉన్నది.

ఇరువదితొమ్మిదేండ్లకు ముందు ఆమెను విడిపించిన చేపల వర్తకుడు టోర్గౌవాడే. ఆ ఊరి బండిలో ఆమె స్వతంత్రురాలై బయలుదేరెను. ఆ ఊరికే పోవు బండిలో ఆమె ప్రయాణము ముగిసెను. రెండు బండ్ల నడుమ ఎన్ని రొట్టెలు, ఎన్ని ఉతికిన గుడ్డలు, ఎన్ని మేలుకొన్న రాత్రులు! అవన్నియు ఎవరు లెక్కపెట్టిరి? తల వెండ్రుకలను లెక్కించువాడు వాటినిమాత్రము విడిచిపెట్టునా?

ప్రార్థన: ప్రభువా, మా వంటయింటిలోనికి నీవు వచ్చినప్పుడు మేము తొందరపడుచున్నయెడల మమ్మును మెల్లగా పిలువుము. మా చింతలు నీకప్పగించి, మరునాడు ఉదయము మరల లేచు బలము మాకనుగ్రహించుము. ఆమెన్.