హైరమ్ రెవెల్స్: గోడ మీదికెక్కిన పటం

మన వాడల్లో సూటు వేసుకున్న బాబాసాహెబ్ పటం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పటాన్ని మనసులో పెట్టుకుని, 1870లో అమెరికాలో అచ్చయిన ఒక నల్లజాతి నాయకుడి పటం గురించి చెప్పుకుందాం.

హైరమ్ రెవెల్స్ 1827లో నార్త్ కరోలినాలో పుట్టారు. బానిసగా కాదు, స్వేచ్ఛ ఉన్న నల్లజాతి కుటుంబంలో. మంగలి పని నేర్చారు, పాస్టర్ అయ్యారు, అంతర్యుద్ధంలో నల్లజాతి దళాలకు సైనికులను సమీకరించారు. 1870 జనవరిలో మిసిసిపీ శాసనసభ 81–15 ఓట్లతో ఆయన్ను సెనేట్‌కు ఎన్నుకుంది.

వాషింగ్టన్‌లో డెమొక్రాట్లు అడ్డుపడ్డారు. సెనేటర్‌కు తొమ్మిదేళ్ల పౌరసత్వం ఉండాలి. నల్లవాళ్లు పౌరులే కారని 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పు చెప్పింది, 14వ సవరణ వచ్చిందేమో 1868లో. కాబట్టి ఈయన పౌరుడై రెండేళ్లే అయిందని వాదించారు. పుట్టిన దేశంలోనే! 48–8తో ఆ వాదన వీగిపోయింది. ఫిబ్రవరి 25న ప్రమాణం చేసి తొలి నల్లజాతి సెనేటర్ అయ్యారు.

అప్పట్లో పత్రికల్లో అక్షరాలతో పాటు ఫోటో అచ్చువేసే వీలు లేదు. ఫోటో చూసి చెక్క మీద చెక్కేవారు. పెదవి ఎంత లావుండాలో, ముఖంలో ఎంత హుందాతనం ఉండాలో చెక్కేవాడి చేతిలోనే ఉండేది. నల్లవాళ్ల విషయంలో ఆ చెయ్యి చేసింది ఎక్కువగా వెక్కిరింతే. బోస్టన్‌లో లూయీ ప్రాంగ్ మాత్రం థియోడర్ కాఫ్‌మన్ వేసిన రెవెల్స్ చిత్రాన్ని రాతి అచ్చుతో రంగుల్లో ముద్రించాడు. అందులో ఉన్నది మనిషి, సెనేటర్. అది చూసి ఫ్రెడరిక్ డగ్లస్ ప్రాంగ్‌కు ఉత్తరం రాశారు. తమను కోతుల్లా గీయడమే ఇంతకాలం చూశామని, ఇది తమ ఇళ్లలో పెట్టుకోదగ్గ బొమ్మ అని అందులోని భావం.

అదే ఏడాది ఏప్రిల్‌లో హార్పర్స్ వీక్లీలో థామస్ నాస్ట్ రెవెల్స్‌ను సెనేటర్ల మధ్య గౌరవంగా గీశాడు. జెఫర్సన్ డేవిస్ అసూయతో చూస్తుంటాడు. (రెవెల్స్‌కు వచ్చింది డేవిస్ సీటేనని అప్పట్లో ప్రచారం. నిజానికి అది ఆల్బర్ట్ బ్రౌన్ ఖాళీ చేసింది.) నాలుగేళ్లు తిరక్కుండానే, 1874 మార్చిలో, అదే పత్రిక ముఖచిత్రంలో అదే నాస్ట్ సౌత్ కరోలినా నల్లజాతి శాసనసభ్యులను కొట్లాడుకునే వికారపు మూకగా గీశాడు. మిత్రుల కుంచెనైనా ఎంత దూరం నమ్మాలో మనమే తేల్చుకోవాలి.

రెవెల్స్‌ను దేవుణ్ని చేయడం మా ఉద్దేశం కాదు. బానిసత్వం కోసం యుద్ధం చేసినవాళ్లకు రాజకీయ హక్కులు తిరిగివ్వాలని ఆయన అన్నారు. సొంత జనంలోనే చాలామందికి అది నచ్చలేదు, మాకూ మింగుడుపడదు. కానీ జార్జియా శాసనసభ గెంటేసిన నల్లజాతి సభ్యుల కోసం సెనేట్‌లో తొలి ప్రసంగం చేసిందీ ఆయనే.

1871 మార్చిలో పదవి ముగిసింది. ఆల్కార్న్ విశ్వవిద్యాలయానికి తొలి అధ్యక్షుడయ్యారు. 1901లో కన్నుమూశారు. ఆయన తర్వాత మిసిసిపీ నుంచే వచ్చిన బ్లాంచ్ బ్రూస్ 1881లో దిగిపోయారు. మళ్లీ సెనేట్‌లో ఒక నల్లజాతి సభ్యుడు కూర్చున్నది 1967లో.